నల్లగొండ, పాలమూరు నుంచి విమానం ఎక్కేవారికి: ఏ టికెట్ కొనాలి, ఏ దారిన వెళ్లాలి?

విమానం టికెట్ కొనేటప్పుడు మనలో చాలామంది చూసేది ఒకే ఒక్క అంకె. ఫోను తెర మీద పది సర్వీసులు కనబడితే అందరికన్నా తక్కువ ధర చెప్పినదాన్ని నొక్కి, డబ్బు కట్టేసి, శంషాబాద్ ఎట్లా చేరాలన్న సంగతి ఆ తరువాత ఆలోచిస్తాం. హైదరాబాద్‌లో ఉండేవారికి ఈ పద్ధతి వల్ల పెద్ద నష్టం ఉండదు. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి బయలుదేరేవారికి మాత్రం టికెట్ ధర ప్రయాణం ఖర్చులో ఒక ముక్క మాత్రమే. విమానం ఏ గంటకు లేస్తుంది, ఏ గంటకు దిగుతుంది అన్న రెండు విషయాలే మిగిలిన ఖర్చునంతా నిర్ణయిస్తాయి.

ఈ సంగతి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నేనూ మా మేనమామా ఢిల్లీ వెళ్లవలసి వచ్చినప్పుడు ఉదయం 6 గంటల విమానం మధ్యాహ్నపు విమానం కన్నా మనిషికి 600 రూపాయలు తక్కువని సంబరపడి కొన్నాను. ఇద్దరికీ కలిపి 1,200 మిగిలాయి. అయితే అర్ధరాత్రి దాటాక నల్లగొండ నుంచి విమానాశ్రయానికి సరిగ్గా అందించే బస్సు దొరకలేదు కాబట్టి 4,000 రూపాయలకు కారు మాట్లాడుకోవలసి వచ్చింది. మధ్యాహ్నపు విమానమే తీసుకుని ఉంటే బస్సుల మీద వెయ్యి లోపల పని జరిగేది. చిట్యాల దాటాక వెనక సీట్లో కునికిపాట్లు పడుతూ మా మామ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "టికెట్ల మిగిలిన పైసలన్నీ టైర్లకు పోసినం గదరా అల్లుడా."

ముందు గడియారం, తరువాత ధర

దేశీయ విమానాలకు సామాను అప్పగించే కౌంటర్‌ను చాలా సంస్థలు విమానం బయలుదేరే సమయానికి 60 నిమిషాల ముందు మూసివేస్తాయి. విమానం ఎక్కే గేటును సాధారణంగా 25 నిమిషాల ముందు మూస్తారు. ద్వారం దగ్గర గుర్తింపు తనిఖీ, సామాను వరుస, భద్రతా తనిఖీ అన్నీ కలుపుకుంటే రెండు గంటల ముందు టెర్మినల్ దగ్గర ఉండడమే క్షేమం. ముఖాన్ని గుర్తించి లోపలికి పంపే డిజీయాత్ర యాప్‌లో నమోదు చేసుకున్నవారికి ద్వారం దగ్గర కొంత సమయం కలిసివస్తుంది గానీ, సామాను వరుసలో అందరితో పాటు నిలబడక తప్పదు.

ఇప్పుడు వెనక్కి లెక్కించండి. ఉదయం 6 గంటల విమానానికి 4 గంటలకు శంషాబాద్‌లో ఉండాలి. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. దారి ఖాళీగా ఉన్నా గంటన్నర పడుతుంది, అంటే రెండున్నరకల్లా ఇల్లు కదలాలి. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చౌటుప్పల్, పెద్ద అంబర్‌పేట దాకా వచ్చి అక్కడ ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే మొత్తం దూరం 120 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒంటిగంటన్నరకు బయలుదేరాలి. మిర్యాలగూడ వారికి ఇంకో ముప్పావుగంట ముందు. ఇంటిల్లిపాదికీ ఆ రాత్రి నిద్ర ఉండదన్నది లెక్కలోకి రాని ఖర్చు.

అందువల్ల ఈ ప్రాంతం వారికి ఉదయం 11 నుంచి సాయంత్రం 4 లోపల బయలుదేరే విమానం ఉత్తమమన్నది నా అభిప్రాయం. పొద్దున్నే మొదటి బస్సు ఎక్కినా తొందర లేకుండా అందుకోవచ్చు. ధర మనిషికి ఐదారు వందలు ఎక్కువైనా ఒకరిద్దరు వెళ్లేటప్పుడు అదే చవక అవుతుంది. నలుగురైదుగురు కలిసి వెళ్తూ, ఎటూ కారే మాట్లాడుకోవాలని అనుకుంటే లెక్క మారుతుంది. కారు కిరాయి తలా కొంత పంచబడుతుంది కాబట్టి అప్పుడు తెల్లవారుజాము విమానం నిజంగానే కలిసిరావచ్చు.

తెల్లవారుజాము సర్వీసుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ముందురోజు రాత్రి వచ్చి ఆగి ఉన్న విమానమే పొద్దున మొదటి ప్రయాణం చేస్తుంది కాబట్టి అది ఆలస్యమయ్యే అవకాశం తక్కువ. అదే విమానం రోజంతా నాలుగైదు ఊళ్లు తిరుగుతూ ప్రతిచోటా కొంత ఆలస్యాన్ని మూటగట్టుకుంటుంది కాబట్టి రాత్రి సర్వీసులకు ఆ భారమంతా చేరుతుంది. పరీక్ష, ఇంటర్వ్యూ, కోర్టు వాయిదా, ఆసుపత్రి అపాయింట్‌మెంటు వంటి పనులుంటే రోజులో చివరి విమానాన్ని నమ్ముకోరాదు. అది రద్దయితే మరునాటి పొద్దున దాకా దిక్కులేదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఢిల్లీ ప్రయాణమైతే ఈ సూత్రం తలకిందులవుతుంది. అక్కడ తెల్లవారుజామున పొగమంచు దట్టంగా ఉంటుంది కాబట్టి, ఎండ పొడిచాక దిగే విమానాన్ని ఎంచుకోవడమే మంచిది.

శంషాబాద్‌కు దారులు

పాలమూరు వారికి ఉన్న గొప్ప సౌలభ్యం ఏమిటంటే, 2008లో బేగంపేట నుంచి విమానాలన్నీ శంషాబాద్‌కు మారిన నాటి నుంచి విమానాశ్రయం నగరానికి ఇవతలి పక్కన, తమ దారిలోనే ఉంది. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులు శంషాబాద్ మీదుగానే పోతాయి. అక్కడ దిగి క్యాబ్ తీసుకుంటే కొద్ది కిలోమీటర్లలో టెర్మినల్ వస్తుంది. మరో పద్ధతి ఆరాంఘర్ దాకా వెళ్లి, నగరం నుంచి విమానాశ్రయానికి వచ్చే ఆర్టీసీ పుష్పక్ బస్సు ఎక్కడం. కొంత వెనక్కి తిరిగినట్టే అయినా, ఆ బస్సులో సామానుకు చోటు ఉంటుంది, టెర్మినల్ దగ్గరే దింపుతుంది. ఒంటరిగా ఒక చిన్న పెట్టెతో వెళ్లేవారికి నేను శంషాబాద్‌లో దిగమనే చెబుతాను. రెండు మూడు పెట్టెలు, పెద్దవాళ్లు ఉన్నా అంతే, ఆరాంఘర్ దగ్గరి రద్దీలో రోడ్డు దాటే బాధ పెట్టుకోవద్దు.

రైలు సంగతి చాలామందికి తట్టదు. కాచిగూడ-మహబూబ్‌నగర్ మార్గంలో ఉందానగర్ స్టేషన్ విమానాశ్రయానికి అతి దగ్గరి స్టేషన్. ఎక్స్‌ప్రెస్ రైళ్లు చాలావరకు అక్కడ ఆగవు గానీ, ప్యాసింజర్ రైళ్లు ఆగుతాయి. నగరం వైపు నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా 2023లో ఫలక్‌నుమా నుంచి ఉందానగర్ దాకా వచ్చింది. ఛార్జీ నామమాత్రమే. అయితే ప్యాసింజర్ సమయం మన విమానం సమయంతో కుదరడం అదృష్టం మీద ఆధారపడిన విషయం కాబట్టి, చేతిలో మూడు నాలుగు గంటల వెసులుబాటు లేనివారు దీన్ని నమ్ముకోరాదు.

నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి వారు జాతీయ రహదారి 44 వైపు రావలసిన పనే లేదు. ఆమనగల్లు, కడ్తాల్ మీదుగా శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు తగులుతుంది. అక్కడి నుంచి విమానాశ్రయం కూతవేటు దూరం. దేవరకొండ, మల్లేపల్లి, చింతపల్లి వారు సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటి బొంగులూరు గేటు దగ్గర రింగు రోడ్డు ఎక్కవచ్చు. ఇటువైపు వారు నల్లగొండ చుట్టు తిరిగి రావడం వృథా.

నల్లగొండ, సూర్యాపేట వారిదే కొంచెం కష్టమైన లెక్క, ఎందుకంటే విజయవాడ రహదారి మనల్ని నగరానికి తూర్పున దింపుతుంది, విమానాశ్రయమేమో దక్షిణాన ఉంది. సొంత కారు లేదా కిరాయి కారు అయితే పెద్ద అంబర్‌పేట దగ్గర రింగు రోడ్డు ఎక్కి, సుమారు 40 కిలోమీటర్లు నగరం ముఖం చూడకుండా వెళ్లిపోవచ్చు. బస్సైతే ఎల్బీనగర్‌లో దిగి, అక్కడి నుంచి పుష్పక్ గానీ క్యాబ్ గానీ పట్టుకోవాలి. ఎల్బీనగర్ నుంచి టెర్మినల్ దాకా రద్దీని బట్టి గంట నుంచి గంటన్నర పడుతుంది కాబట్టి, నల్లగొండ బస్టాండులో బస్సు ఎక్కిన క్షణం నుంచి నాలుగు గంటలు చేతిలో పెట్టుకోవడం మంచిది. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ దాకా వెళ్లి తిరిగి రావడం మాత్రం అనవసరం.

పండుగ రోజుల గురించి విడిగా చెప్పాలి. సంక్రాంతి ముందు మూడు రోజులు హైదరాబాద్ నుంచి కోస్తా వైపు, పండుగ అయ్యాక అటు నుంచి హైదరాబాద్ వైపు పంతంగి టోల్‌గేటు దగ్గర వాహనాలు ఎట్లా నిలిచిపోతాయో ఈ దారిన తిరిగిన ప్రతివారికీ తెలుసు. పండుగ వెళ్లిన తరువాతి ఆదివారం సాయంత్రం విమానం ఉందంటే మామూలు లెక్కకు రెండు గంటలు కలపాలి. వీలైతే ఆ రోజు చిట్యాల నుంచి లోపలి దారులు తెలిసిన డ్రైవర్‌నే మాట్లాడుకోవాలి.

కారు కిరాయి మాట్లాడేటప్పుడు ఒక్క విషయం ముందే తేల్చుకోవాలి. దింపి ఖాళీగా తిరిగివచ్చే దూరానికి కూడా మన దగ్గరే తీసుకుంటారు. వెళ్లేటప్పుడు ఒక కారు, వచ్చేటప్పుడు ఒక కారు అంటే నిజానికి నాలుగు ప్రయాణాల కిరాయి కట్టినట్టే. టోల్, పార్కింగ్ ఎవరివి, విమానం ఆలస్యమైతే వెయిటింగ్ గంటకు ఎంత అన్నవి బయలుదేరే ముందు చెప్పించుకోండి. ఒక రాత్రి లేదా రెండు రాత్రుల్లో తిరిగి వచ్చే పనైతే సొంత కారును విమానాశ్రయం పార్కింగ్‌లో పెట్టడం కిరాయి కన్నా తక్కువలో పోతుంది. వారం రోజులైతే పార్కింగ్ రుసుమే టికెట్ ధరను అందుకుంటుంది.

శంషాబాద్ ఒక్కటే కాదు

కోదాడ, హుజూర్‌నగర్ వారు గన్నవరం విమానాశ్రయాన్ని మరచిపోరాదు. కోదాడ నుంచి శంషాబాద్ 190 కిలోమీటర్ల పైమాటే. గన్నవరం సుమారు 110 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఢిల్లీ, ముంబై, బెంగళూరు, చెన్నై, విశాఖలకు విమానాలున్నాయి. సర్వీసులు తక్కువ కాబట్టి ధర కొన్నిసార్లు ఎక్కువ చూపిస్తుంది, విజయవాడ నగరం దాటే రద్దీ కూడా ఉంది. అయినా మనిషికి వెయ్యి లోపు తేడా ఉంటే నేను గన్నవరానికే ఓటు వేస్తాను.

అలంపూర్, గద్వాల వారికి కర్నూలు దగ్గరి ఓర్వకల్లు విమానాశ్రయం ఉంది. 2021 మార్చిలో మొదలైన ఈ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం అలంపూర్ చౌరస్తాకు శంషాబాద్ కన్నా ఎంతో దగ్గర. అయితే సర్వీసులు కొద్ది ఊళ్లకే, అవి కూడా వారంలో కొన్ని రోజులే ఉంటాయి కాబట్టి వెళ్లే రోజుతో పాటు తిరిగి వచ్చే రోజు కూడా విమానం ఉందో లేదో చూసుకున్నాకే టికెట్ కొనాలి.

టికెట్ ధరలో ఏముంది, ఏమి లేదు

తెర మీద కనిపించే ధరకు సీటు, భోజనం, అదనపు సామాను, టికెట్ అమ్మే యాప్ వేసే సేవా రుసుము చివరి పేజీ దాకా ఒక్కొక్కటిగా కలుస్తూ పోతాయి. యాప్‌లో ధరలు పోల్చుకుని, ఆ తరువాత విమాన సంస్థ సొంత వెబ్‌సైటులో కూడా అదే సర్వీసు చూసి కొనడం నా అలవాటు. మార్పులు చేయవలసి వచ్చినప్పుడు మధ్యవర్తి లేకపోవడం పెద్ద సుఖం. సీటుకు డబ్బు కట్టకపోతే వెబ్ చెక్-ఇన్‌లో ఉచిత సీట్లలో ఏదో ఒకటి ఇస్తారు. రెండు గంటల ప్రయాణానికి కిటికీ సీటు కోసం నాలుగు వందలు కట్టాలా అన్నది ఎవరి ఇష్టం వారిది. చిన్నపిల్లలతో వెళ్తుంటే మాత్రం పక్కపక్క సీట్లు ముందే తీసుకోండి.

కుటుంబమంతటికీ కలిపి టికెట్లు వెతికేటప్పుడు ఒక మెలిక ఉంది. విమాన సంస్థలు ఒకే రకం సీట్లను పలు ధరల అరల్లో అమ్ముతాయి. కింది అరలో రెండు సీట్లే మిగిలి ఉంటే, మీరు నలుగురికి వెతికినప్పుడు నలుగురికీ పై అర ధరే చూపిస్తుంది. ఒకసారి ఇద్దరికి వెతికి చూడండి. ధర తగ్గితే రెండేసి టికెట్లుగా కొనండి. దీనివల్ల ఒక్కోసారి వెయ్యి, పదిహేను వందలు మిగలడం నేను చూశాను.

సామాను విషయంలో సాధారణంగా 15 కిలోల పెట్టె, చేతిలో 7 కిలోల సంచి ఉచితం. కొన్ని చవక టికెట్లలో అప్పగించే పెట్టె అసలే ఉండదు, ఆ మాట చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. బరువు ఎక్కువవుతుందని ముందే తెలిస్తే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. కౌంటర్ దగ్గర కిలోకు వసూలు చేసే ధర బాగా ఎక్కువ. ఢిల్లీలోనో ముంబైలోనో ఉన్న బిడ్డకు ఒడిబియ్యం పోయడానికి వెళ్లే తల్లిదండ్రులు మరొకటి గుర్తుపెట్టుకోవాలి. బియ్యం, పసుపు, రవికెగుడ్డ అన్నీ వెళ్తాయి గానీ కుడుకలు వెళ్లవు. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ ఉండి తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉంది కాబట్టి దాన్ని నిషిద్ధ వస్తువుల్లో చేర్చారు. స్కానర్‌లో కనబడితే పెట్టె తెరిపిస్తారు, మన కళ్లముందే తీసి పక్కన పెట్టిస్తారు. కుడుకలు చేరిన ఊళ్లో కొనుక్కోవడమే మార్గం. కారం పచ్చళ్లను చేతి సంచిలో రానివ్వరు; మూత బిగించి, రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి అప్పగించే పెట్టెలో పెట్టాలి. పవర్‌బ్యాంకు దీనికి తిరుగుడు: అది చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో ఉండరాదు.

నేరుగా వెళ్లే విమానానికీ, మధ్యలో మారే విమానానికీ మధ్య ధర తేడా వెయ్యి రూపాయల దాకా ఉన్నా నేరుగా వెళ్లేదే కొనండి, ముఖ్యంగా కాశీకి పెద్దవాళ్లను పంపేటప్పుడు. మారక తప్పకపోతే రెండు విమానాలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ సంఖ్య) మీద ఉండాలి. అప్పుడే మొదటిది ఆలస్యమై రెండవది తప్పిపోతే తరువాతి విమానంలో పంపే బాధ్యత సంస్థ మీద ఉంటుంది. విడివిడిగా కొన్న రెండు టికెట్లకు ఆ రక్షణ లేదు, సామాను కూడా మధ్యలో మనమే తీసుకుని మళ్లీ అప్పగించాలి. నడవలేనివారికి చక్రాల కుర్చీ కావాలని టికెట్ కొనేటప్పుడే నమోదు చేయాలి.

రద్దు గురించి రెండు నియమాలు తెలిస్తే చాలు. డబ్బు తిరిగిరాదన్న టికెట్‌ను రద్దు చేసుకున్నా విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలి. అవి కొన్ని వందలు ఉంటాయి, అడగనివారు వదులుకుంటున్నారు. దేశీయ విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమయ్యేటట్టు ఉంటే మరో విమానం గానీ, పూర్తి డబ్బు గానీ కోరుకునే హక్కు ప్రయాణికుడిదని పౌర విమానయాన డైరెక్టరేట్ నియమం చెబుతోంది.

దిగిన తరువాత ఊళ్లోకి

ముంబై సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నల్లగొండ నేతన్నల కుటుంబాలు భివండిలో, పాలమూరు కూలీల కుటుంబాలు ముంబై నలుమూలలా ఉన్నాయి. అక్కడ రెండు టెర్మినళ్లు ఉన్నాయి. ఒకటవది శాంతాక్రజ్ వైపు, రెండవది సహార్ వైపు. రెంటికీ మధ్య రోడ్డు మీద కొన్ని కిలోమీటర్ల దూరం ఉంది. ఒకసారి మా బావమరిది భివండి నుంచి తన స్నేహితుడి కారులో వచ్చి ఒకటవ టెర్మినల్ దగ్గర గంటసేపు నిలబడ్డాడు. నేను రెండవ దాంట్లో దిగి సామానుతో స్తంభం పక్కన నిలబడ్డాను. "బావా, నేను బయట చాయ్ డబ్బా కాడనే ఉన్న, నువ్వెక్కడున్నవ్?" అని అతను అడుగుతుంటే, నా ఎదురుగా చాయ్ డబ్బా అన్నదే లేదు. టికెట్ మీద టెర్మినల్ సంఖ్య రాసే ఉంది, మేమిద్దరం చూసుకోలేదు.

ఇప్పుడు దీనికి తోడు నవీ ముంబై విమానాశ్రయం కూడా వచ్చింది. 2025 డిసెంబరులో అక్కడి నుంచి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. పన్వేల్, ఖార్‌ఘర్ వైపు ఉండేవారికి అది వరం. భివండి, అంధేరీ, బోరివలీ వారికి మాత్రం పాత విమానాశ్రయమే మేలు. కాబట్టి ముంబై టికెట్ కొనేటప్పుడు ధర కన్నా ముందు ఏ విమానాశ్రయమో చూడాలి. పాతదాంట్లో దిగినవారికి భూగర్భ మెట్రో మూడవ మార్గం రెండు టెర్మినళ్ల దగ్గరా ఉంది. దాదర్, వర్లీ, సీఎస్ఎంటీ మీదుగా కఫ్ పరేడ్ దాకా ఒకే రైలులో పోవచ్చు. ఆటోలు శివారు ప్రాంతాలకే. బాంద్రా, సయన్ దాటి దక్షిణ ముంబైలోకి రావు. ఇది తెలియక ఆటో ఎక్కి మధ్యలో దిగినవారు ఉన్నారు.

ఢిల్లీలో మూడవ టెర్మినల్‌లో దిగితే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ మెట్రో న్యూఢిల్లీ రైల్వే స్టేషన్‌కు 20 నిమిషాల్లో చేరుస్తుంది. రెండవ టెర్మినల్ దాని పక్కనే ఉంది కాబట్టి నడిచి ఆ స్టేషన్‌కే రావచ్చు. ఒకటవ టెర్మినల్ విడిగా, దూరంగా ఉంది. అక్కడ మెజెంటా మార్గం మెట్రో ఉంది. ఎయిమ్స్ ఆసుపత్రికి వెళ్లేవారికి ఒకటవ టెర్మినల్ అనుకూలం: మెజెంటా మార్గంలో హౌజ్‌ఖాస్ దాకా వచ్చి, ఎల్లో మార్గానికి మారితే రెండవ స్టాప్ ఎయిమ్స్. అయితే మెట్రో రాత్రంతా నడవదు. రాత్రి 11 దాటాక దిగే విమానమైతే క్యాబ్ ఖర్చు కలుపుకునే ధర పోల్చాలి.

చెన్నైలో ఈ బాధ లేదు. విమానాశ్రయంలోనే మెట్రో స్టేషన్ ఉంది, సెంట్రల్ స్టేషన్‌కు నేరుగా పోతుంది. అంతకన్నా చవకగా కావాలంటే రోడ్డుకు అటుపక్క తిరుసూలం లోకల్ రైలు స్టేషన్ ఉంది. కొద్ది రూపాయలతో ఎగ్మోర్ చేరవచ్చు. వేలూరు ఆసుపత్రికి వెళ్లేవారు చెన్నై దాకా విమానంలో వెళ్లి, ఆ పైన రోడ్డు మీద మూడు గంటలు ప్రయాణించడం కన్నా వేలూరుకు దగ్గరి స్టేషనైన కాట్పాడికి రైలు చూసుకోవడమే రోగికి సుఖం.

కాశీకి హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది. బాబత్‌పూర్‌లో దిగితే నగరం 25 కిలోమీటర్లు. కారు గొదౌలియా చౌరస్తాకు దరిదాపుల్లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి గుడి, ఘాట్లు, చాలా సత్రాలు కాలినడకనో రిక్షాలోనో చేరవలసినవే. చీకటి పడ్డాక సామానుతో ఆ సందుల్లో సత్రం వెతుక్కోవడం కష్టం కాబట్టి సాయంత్రం నాలుగు లోపల దిగే విమానం కొనండి.

విమానం అవసరం లేని చోట

బెంగళూరు టికెట్ రెండు వేలకు దొరికిందని సంతోషించే ముందు మహబూబ్‌నగర్ వారు ఒకసారి గంటలు కూడుకోవాలి. ఇంటి నుంచి శంషాబాద్‌కు రెండు గంటలు, అక్కడ రెండు గంటలు, గాలిలో గంటంబావు, సామానుకు అరగంట, దేవనహళ్లి విమానాశ్రయం నుంచి నగరంలోకి సుమారు 35 కిలోమీటర్లు వాయువజ్ర బస్సులో గంట నుంచి గంటన్నర. మొత్తం ఇంచుమించు ఏడు గంటలు అవుతుంది. కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందేభారత్ 2023 నుంచి మహబూబ్‌నగర్‌లో ఆగుతోంది. అదీ ఇంచుమించు అంతే సమయంలో యశ్వంత్‌పూర్ చేరుస్తుంది, సామాను తూకం లేదు, వారంలో ఒక్కరోజు మాత్రం నడవదు. రాత్రి స్లీపర్ బస్సులో జడ్చర్లలో ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి బెంగళూరు. పైగా ఆ బస్సు వెళ్లే జాతీయ రహదారి 44 దేవనహళ్లి విమానాశ్రయం ముందు నుంచే పోతుంది. విమానంలో వెళ్లినవారూ బస్సులో వెళ్లినవారూ అదే రోడ్డు మీద కలుసుకుంటారు.

తిరుపతి విషయంలో నల్లగొండ, మిర్యాలగూడ వారికి విమానం అసలు ప్రశ్నే కాదు. నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ రెండు ఊళ్ల మీదుగానే పోతుంది. సికింద్రాబాద్-తిరుపతి వందేభారత్ నల్లగొండలో ఆగుతుంది. పాలమూరు వారికి వెంకటాద్రి ఉంది. రేణిగుంటలో విమానం దిగినా తిరుపతికి దాదాపు 15 కిలోమీటర్లు, ఆ పైన కొండ ఎక్కాలి. దర్శనం టికెట్ సమయం మరునాడు ఉదయానికి ఉంటే రాత్రి రైలులో నిద్రపోయి వెళ్లడంలో ఉన్న సుఖం ఏ విమానంలోనూ లేదు. రైలు రిజర్వేషన్ దొరకనప్పుడు, ఒక్క రోజులోనే తిరిగి రావలసినప్పుడు మాత్రం రేణిగుంట టికెట్ చూడండి.

తిరుగు ప్రయాణానికి కూడా ఇదే గడియారం వర్తిస్తుంది. రాత్రి 7 లోపల శంషాబాద్‌లో దిగితే జాతీయ రహదారి మీదికి వచ్చి మహబూబ్‌నగర్, కర్నూలు వైపు బస్సు పట్టుకోవచ్చు. నల్లగొండ వారు పుష్పక్‌లో ఎల్బీనగర్ చేరి అక్కడి నుంచి బస్సు ఎక్కవచ్చు. 10 దాటాక దిగితే యాప్‌లో క్యాబ్ బుక్ చేసినా, ఊరి పేరు చూసి రద్దు చేసే డ్రైవర్లే ఎక్కువ. బయటి ఊళ్లకు విడిగా ఉండే బుకింగ్ పెట్టాలి, లేదా మన ఊరి డ్రైవర్‌నే రప్పించుకోవాలి. విమానం ఎక్కేముందే అతనికి విమానం నంబరు పంపి, "అన్నా, దిగినాక ఫోన్ చేస్తా, అప్పటిదాక బండి పార్కింగ్‌ల పెట్టకు" అని ఒక మాట చెబితే ఆ గంట పార్కింగ్ డబ్బు మిగులుతుంది.